బంగారు గనులకు నీళ్ళు పంపిన ఓకానర్

ఈ సంచికకు ఒక వ్యాసం వ్రాసి పంపమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, మన తెలుగు మహనీయుల్లో ఎవరో ఒకరి గురించి వ్రాద్దామనే అనుకున్నాను. ప్రకాశం పంతులు గారు, పొట్టి శ్రీరాములు గారు, దుర్గాబాయమ్మ గారు ఒక్కొక్కరే మనసులో మెదిలారు. వారిని గురించి నాకంటే బాగా వ్రాయగలిగినవారు మన సభల్లోనే చాలామంది ఉన్నారు. చివరకు నా కలం వేరే మనిషి దగ్గర ఆగింది. ఆయన తెలుగువాడు కాదు. ఐర్లండులో పుట్టి, న్యూజిలాండులో పని నేర్చి, మేముండే ఈ పశ్చిమ ఆస్ట్రేలియాలో ప్రభుత్వ ఉద్యోగిగా ప్రాణం విడిచిన ఇంజనీరు. పేరు చార్లెస్ యెల్వర్టన్ ఓకానర్.

పెర్త్‌లో ఉండేవారికి ఈ పేరు కొత్త కాదు. ఆయన పేరుతో ఒక పేట ఉంది, ఒక పార్లమెంటు నియోజకవర్గం ఉంది, ఒక సముద్రతీరం ఉంది. ఫ్రీమాంటిల్ రేవు దగ్గర ఆయన విగ్రహం ఉంది. కానీ నావంటి వాళ్ళకు ఆ పేరు రోడ్డు పక్క బోర్డు మీద చదివి ముందుకు సాగిపోయే పేరుగానే మిగిలింది. దాని వెనుక ఒక మనిషి ఉన్నాడని నాకు తెలిసివచ్చింది మా నాన్నగారి వల్ల.

నాన్నగారి ప్రశ్న

మేము హారిస్‌డేల్‌లో ఉంటాం. పెర్త్ నగరానికి దక్షిణాన కొత్తగా వెలసిన పేట. సాయంత్రం వీధిలో నడిస్తే రెండు మూడు ఇళ్ళ నుంచైనా తెలుగు మాటలు వినిపిస్తాయి. 2018 జనవరిలో అమ్మా నాన్నా మూడు నెలలు మాతో ఉండడానికి వచ్చారు. నాన్నగారు మా గోదావరి జిల్లాలో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ధవళేశ్వరం ఆనకట్ట నాలుగు ముక్కలనూ, అక్కడి నుంచి పాయలు పాయలుగా విడిపోయే కాలవలనూ, లాకులనూ ఇంట్లో గదుల్లాగా ఎరిగిన మనిషి.

ఆయన వచ్చిన నాలుగో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, మీకు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయిరా అని అడిగారు. చుట్టూ ఇసుక నేల, జనవరి ఎండ, కనుచూపు మేరలో కాలవ లేదు, చెరువు లేదు. నాకు తెలిసినంతలో చెప్పాను. ఇప్పుడు పెర్త్ తాగే నీళ్ళలో పెద్ద భాగం సముద్రపు నీటిని శుద్ధి చేసిందీ, భూమిలోంచి తోడిందీ అన్నాను. ఆయన తృప్తి పడలేదు. ఇంత ఊరు ఈ యంత్రాలు రాకముందు ఏం తాగి బతికిందని మళ్ళీ అడిగారు. ఆ ఆదివారం కారులో ఆయనను తూర్పు కొండల్లో ఉన్న ముండారింగ్ ఆనకట్టకు తీసుకుని వెళ్ళాను.

హెలీనా నది అనే చిన్న ఏటి మీద కట్టిన ఆనకట్ట అది. ధవళేశ్వరం చూసిన కళ్ళకు ఆ ఏరు ఒక మురుగు కాలవపాటి అనిపించింది కాబోలు, నాన్నగారు పెద్దగా ఏమీ అనలేదు. ఆనకట్ట కింద నుంచి బయలుదేరి అడవిలోకి పోతున్న లావుపాటి ఉక్కు గొట్టం దగ్గర మాత్రం ఆగిపోయారు. ఇది ఎక్కడికి పోతుందని అడిగారు. అక్కడి బోర్డు చదివి, కల్గూర్లీకి అన్నాను. ఎంత దూరం అన్నారు. 530 కిలోమీటర్లు అన్నాను. పల్లానికేనా అన్నారు. కాదు, ఎత్తుకు అన్నాను. దాదాపు రాజమండ్రి నుంచి చెన్నపట్నానికి ఉన్నంత దూరం, అదీ ఎగువకు. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అన్నారు. 1903లో పూర్తయింది, ఓకానర్ అనే ఇంజనీరు అన్నాను. అప్పుడు ఆయన ఒక ఇంజనీరును గురించి నేనెప్పుడూ ఎవరూ అడగగా వినని ప్రశ్న వేశారు. ఆయన సంతోషంగా పోయాడా అని.

నేను బోర్డు మీద తరువాతి వాక్యాలు చదివాను. చదివి, వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

కరువులో పుట్టి, కొండల్లో పని నేర్చి

ఓకానర్ 1843 జనవరి 11న ఐర్లండులోని మీత్ జిల్లాలో పుట్టారు. ఆయనకు రెండేళ్ళప్పుడు, 1845లో, ఆ దేశంలో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి మహాకరువు వచ్చింది. లక్షల మంది ఆకలితోనూ రోగాలతోనూ చనిపోయారు, ఇంకా లక్షల మంది ఓడలెక్కి దేశాలు పట్టి పోయారు. మన గోదావరి, గుంటూరు ప్రాంతాల్లో 1833 నాటి కరువు గురించి పెద్దలు చెప్పుకున్నట్టే, ఐర్లండువాళ్ళు ఈనాటికీ ఆ కరువును తలుచుకుంటారు. ఓకానర్ బాల్యం ఆ నీడలోనే గడిచింది.

పదిహేడేళ్ళ వయసులో ఒక రైల్వే ఇంజనీరు దగ్గర శిష్యుడుగా చేరి పని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో చాలామంది ఇంజనీర్లు కాలేజీ పట్టాతో కాక, ఇలా పెద్దల చేతికింద పనిచేసే తయారయ్యేవారు. 1865లో, ఇరవైరెండేళ్ళ వయసులో, న్యూజిలాండుకు వలస వెళ్ళారు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చేతిలో ఒక విద్య, ముందు ఎరగని దేశం. మనలో చాలామంది కథ కూడా అక్కడి నుంచే మొదలయింది కదా.

న్యూజిలాండులో ఆయన పని క్రైస్ట్‌చర్చ్ నుంచి మంచు కొండలు దాటి పడమటి తీరంలోని బంగారు గనులకు బండిబాట వేయడంతో ఆరంభమయింది. తరువాత రోడ్లు, రైలు మార్గాలు, రేవులు. మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 1883లో ఆ దేశపు ప్రజా పనుల శాఖలో అండర్ సెక్రటరీ అయ్యారు. 1874లో పెళ్ళయింది, ఇల్లంతా పిల్లలు. వారిలో కాత్లీన్ అనే కూతురు తరువాతి కాలంలో పారిస్‌లో చాలా ఏళ్ళు ఉండి పేరున్న చిత్రకారిణి అయింది.

పాతికేళ్ళ సేవ తరువాత, 1890లో, తనకు వస్తుందనుకున్న పెద్ద పదవి రాలేదు. ఆ బాధలో ఉండగా 1891లో పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి పిలుపు వచ్చింది. ఆ వలస రాజ్యానికి స్వపరిపాలన వచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు. మొదటి ముఖ్యమంత్రి జాన్ ఫారెస్ట్, చీఫ్ ఇంజనీరు పదవి ఇస్తామన్నాడు. నేను చూడవలసినది రైళ్ళా, రేవులా, రోడ్లా అని ఓకానర్ తంతి ద్వారా అడిగితే, అన్నీ అని జవాబు వచ్చిందట. ఈ ముచ్చట ఇక్కడి బడి పిల్లలకు కూడా తెలుసు.

రేవు

ఆయన వచ్చేనాటికి ఇంత పెద్ద పశ్చిమ ఆస్ట్రేలియాలో జనం 50 వేలు. మన దగ్గర ఒక మోస్తరు పట్నమంత. ఇంగ్లండు నుంచి తపాలా తెచ్చే పెద్ద ఓడలు పెర్త్ పక్కనున్న ఫ్రీమాంటిల్‌కు రాలేకపోయేవి. స్వాన్ నది సముద్రంలో కలిసేచోట అడ్డంగా ఒక సున్నపురాతి గట్టు ఉండేది. అందువల్ల ఓడలు దక్షిణాన 400 కిలోమీటర్ల దూరంలోని ఆల్బనీకి పోయేవి.

రేవుల విషయంలో ఆ కాలపు మహాపండితుడు సర్ జాన్ కూడ్, నది ముఖద్వారం జోలికి పోవద్దనీ, ఇసుక మేటవేస్తుందనీ, బయట సముద్రంలోనే రేవు కట్టాలనీ సలహా ఇచ్చి ఉన్నాడు. ఓకానర్ కొత్తగా వచ్చిన మనిషి. అయినా నెలల తరబడి అలలను, ఇసుక కదలికను పరిశీలించి, ఆ భయానికి ఆధారం లేదని తేల్చారు. రాతి గట్టును పేల్చి, నదిలోపల పూడిక తీసి, రెండు వైపులా రాతికట్టలు వేస్తే నదే రేవు అవుతుందన్నారు. ఫారెస్ట్‌కు మొదట ఇష్టం లేదు, కానీ లెక్కలు చూసి ఒప్పుకున్నాడు. 1892లో పని మొదలయింది. 1897 మే 4న సుల్తాన్ అనే ఓడ లోపలికి వచ్చింది. 1900 నుంచి తపాలా ఓడలు కూడా ఆల్బనీ మానుకుని ఇక్కడికే రాసాగాయి. ఈనాటికీ పశ్చిమ ఆస్ట్రేలియాకు సరుకుల పెట్టెలు దిగే ప్రధాన రేవు అదే. మన ఇళ్ళలో వాడే సోనా మసూరి బియ్యం బస్తాలు సముద్రం మీదుగా వచ్చి దిగేదీ అక్కడే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రాతి గట్టు మీదుగానే ఈ నేల అసలు వారసులైన నూంగార్ ప్రజలు తరతరాలుగా నదిని దాటేవారు. అది వారికి బాట మాత్రమే కాదు, పవిత్రమైన చోటు. దానిని పేల్చివేసేటప్పుడు వారి మాట ఎవరూ అడగలేదు. ఓకానర్ చివరి రోజులను ఆ గట్టు పోవడంతో ముడిపెట్టి చెప్పే కథ వారిలో ఉంది. మనం గౌరవించే మనిషి చేసిన పనిలో ఇంకొకరి నష్టం కూడా ఉందని తెలిసి గౌరవించడమే న్యాయమని నేననుకుంటాను.

గొట్టం

1892లో కూల్గార్డీలో, 1893లో కల్గూర్లీలో బంగారం దొరికింది. ప్రపంచం నలుమూలల నుంచి జనం ఎగబడ్డారు. 1901 నాటికి ఈ రాష్ట్ర జనాభా 1,84,000 అయింది. ఓకానర్ ఆధ్వర్యంలో రైలు 1896లో రెండు ఊళ్ళకూ చేరింది. బంగారం ఉంది, రైలు ఉంది, నీళ్ళు మాత్రం లేవు. ఆ ప్రాంతంలో వాన తక్కువ, నదులు లేవు, చెరువులన్నీ ఉప్పు. ఉప్పునీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి అమ్మేవారు. అది కొనలేనివారు దొరికిన నీళ్ళు తాగేవారు. టైఫాయిడ్ వచ్చి ఎందరో కుర్రవాళ్ళు రాలిపోయారు. వారి సమాధులు ఆ ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి.

1896లో ఓకానర్ తన పథకం ముందుపెట్టారు. పెర్త్ కొండల్లో హెలీనా నదికి ఆనకట్ట కట్టాలి. అక్కడి నుంచి 30 అంగుళాల వ్యాసం గల ఉక్కు గొట్టం 530 కిలోమీటర్లు వేయాలి. దారిలో 8 చోట్ల ఆవిరి పంపులు పెట్టి, ఒక పంపు నుంచి ఇంకొక పంపుకు అందిస్తూ, నీటిని 300 మీటర్లకు పైగా ఎత్తుకు ఎక్కించాలి. రోజుకు 50 లక్షల గ్యాలన్లు పంపాలి. అంచనా 25 లక్షల పౌన్లు. అది ఆ రాజ్యపు ఏడాది ఆదాయానికి ఇంచుమించు సమానం. ఇంత దూరం ఇంత నీటిని పంపులతో ఎగువకు పంపిన పని అప్పటికి లోకంలో ఎక్కడా లేదు.

జనం నవ్వారు. గొట్టం నిండా చిల్లులే అన్నారు. నీళ్ళు చేరేసరికి బంగారం అయిపోతుందన్నారు. శాసనసభలో ఫారెస్ట్ గట్టిగా నిలబడి అప్పుకు అనుమతి సంపాదించాడు. ఓకానర్ 1897లో ఇంగ్లండు వెళ్ళి నిపుణుల ముందు తన లెక్కలు పెట్టారు. వారు పథకం సాధ్యమేనని తేల్చారు.

నాన్నగారికి బాగా నచ్చిన భాగం గొట్టం తయారీ. మామూలుగా ఉక్కు రేకును చుట్టి, అంచులకు రివెట్లు కొడతారు. ఆ రివెట్ల తలలు నీటి వేగానికి అడ్డుపడతాయి, వాటి చుట్టూ కారుతుంది కూడా. మెల్బోర్న్‌కు చెందిన మెఫాన్ ఫెర్గూసన్ అనే ఆయన రెండు సగం రేకులను పొడవునా ఒక కమ్మీతో నొక్కి బిగించే కొత్త పద్ధతి కనిపెట్టాడు. రివెట్టు అక్కరలేదు. ఎవరూ వాడి చూడని ఆ పద్ధతిని ఓకానర్ నమ్మి తీసుకున్నారు. ఒక్కొక్కటి 28 అడుగుల పొడవున 60 వేలకు పైగా గొట్టాలు పెర్త్‌లోనే తయారయి, రైలు దారి వెంబడే సాగిపోయాయి. ఎక్కడ ఉక్కు చవకో, ఎక్కడ అతుకు కారుతుందో, ఏ బండి ఎప్పుడు చేరుతుందో అన్నీ చూసుకోవలసినది ఆయనే. అదే సమయంలో రేవు పని, రైళ్ళ పని కూడా ఆయన తల మీదే ఉన్నాయి.

నిందలు

1901లో ఆస్ట్రేలియా రాష్ట్రాలన్నీ కలిసి ఒక దేశమయ్యాయి. ఫారెస్ట్ కేంద్ర మంత్రిగా వెళ్ళిపోయాడు. పదేళ్ళు ఓకానర్ వెనుక గోడలా నిలబడిన మనిషి లేకుండా పోయాడు. ఆ ఒక్క ఏడాదిలోనే ఇక్కడి ప్రభుత్వం నాలుగుసార్లు చేతులు మారింది. కొత్తగా వచ్చినవారికి ఈ పథకం పాతవారి మూట.

పెర్త్‌లోని ఒక వారపత్రిక ఆయన మీద వారం వారం విరుచుకుపడింది. పని తెలియదన్నది, దుబారా అన్నది, చివరకు లంచగొండి అన్నది. గొట్టాల అతుకులు వేసే కాంట్రాక్టు విషయంలో మొదలైన గొడవ విచారణ దాకా వచ్చింది. 1902 మొదట్లో ఆయన అడిలైడ్ రేవుకు సలహా ఇవ్వడానికి దక్షిణ ఆస్ట్రేలియా వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఇక్కడ నిందలు ఇంకా ముదిరాయి. ప్రభుత్వోద్యోగి కనుక పత్రికకు ఎదురు జవాబు చెప్పే వీలు లేదు. సమాధానం చెప్పవలసినవారు ఊరుకున్నారు. పదేళ్ళుగా సరైన విశ్రాంతి లేని శరీరం, నిద్ర పట్టని రాత్రులు.

ఓకానర్‌కు పొద్దున్నే గుర్రం మీద సముద్రతీరాన తిరగడం అలవాటు. 1902 మార్చి 10న కూడా అలాగే బయలుదేరారు. రోజూ తోడు వచ్చే కూతురు ఒంట్లో బాగోక ఆ రోజు రాలేదు. ఫ్రీమాంటిల్‌కు దక్షిణాన ఉన్న తీరంలో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. వయసు 59.

ఆయన వ్రాసిపెట్టిన చీటీ దొరికింది. తన మెదడు అలిసిపోయిందనీ, పథకం సరిగానే ఉందనీ, అవకాశముంటే తానే పూర్తిచేసేవాడిననీ దాని సారాంశం. ఆఖరున, ఆనకట్ట పక్కగోడలు వెంటనే కట్టించమని పని పురమాయించారు. లోకాన్ని విడిచిపెడుతున్న క్షణంలో కూడా ఆయనకు గుర్తుకు వచ్చింది కట్టవలసిన గోడ.

ఈ చీటీ సంగతి చదివి వినిపించినప్పుడు నాన్నగారు అక్కడే బల్ల మీద కూర్చుండిపోయారు.

నీళ్ళు వచ్చాయి

తరువాత జరిగిన విచారణలో ఓకానర్ నిజాయితీకి ఏ మచ్చా కనబడలేదు. 1903 జనవరి 24న కూల్గార్డీలోనూ, కల్గూర్లీలోనూ ఫారెస్ట్ నీటిని విడుదల చేశాడు. ఆయన చనిపోయి అప్పటికి పది నెలలు దాటింది. ఆయన వేసిన లెక్క ప్రకారమే నీళ్ళు చేరాయి.

ఇక్కడ చాలామంది చెప్పుకునే ఒక కథ ఉంది. కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదనీ, ఆ అవమానంతో ఆయన చనిపోయాడనీ, తరువాత కాసేపటికే నీళ్ళు వచ్చాయనీ. ఇది నిజం కాదు. ఆయన పోయేనాటికి కుళాయి తిప్పే రోజే రాలేదు. ఆయన లెక్క తప్పుతుందేమోనని భయపడిన దాఖలా లేదు. ఆయనను కుంగదీసింది సాటి మనుషుల మాటలు. కుళాయి కథలో తప్పు ఎవరిదీ కాదు, అంతా విధి. అసలు కథలో తప్పు మనుషులది. అందుకే జనానికి కుళాయి కథే హాయిగా ఉంటుందేమో.

బంగారం అయిపోతుందన్న మాట కూడా నిజం కాలేదు. కల్గూర్లీలో ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు. గొట్టం నీళ్ళు గనులకే కాక, దారిలోని ఊళ్ళకూ, గోధుమ పొలాల రైతులకూ, గొర్రెల మందలకూ అందాయి. ముండారింగ్ ఆనకట్టను 1951లో ఎత్తు పెంచారు. ఆవిరి పంపుల చోట కరెంటు పంపులు వచ్చాయి. పాత పంపు ఇల్లు ఒకటి ఇప్పుడు మ్యూజియం. 2011లో ఈ పథకం ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చేరింది.

కాటన్ దొర, ఓకానర్

మన గోదావరి జిల్లాల వాళ్ళకు ఈ కథ వింటుంటే సర్ ఆర్థర్ కాటన్ గుర్తుకు రాక మానడు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి, కరువు నేలను అన్నపూర్ణగా మార్చిన దొర. మే 15 వస్తే ఆయన విగ్రహానికి దండలు వేస్తాం. గోదావరి రేవుల్లో స్నాన సంకల్పం చెప్పే పురోహితులు ఆయనను కూడా తలుచుకుంటారని మా నాన్నగారు చిన్నప్పటి నుంచీ చెబుతూ ఉండేవారు.

ఆ కాటన్‌ను కూడా పైవాళ్ళు డబ్బు తగలేసే మనిషిగానే చూశారు. 1878లో, డెబ్బయ్యయిదేళ్ళ వయసులో, బ్రిటిషు పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని నీటిపారుదల ఖర్చులకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అయితే ఆయన 1899 దాకా, 96 ఏళ్ళు బతికారు. నిందలు వెనకబడి, పంటలు ముందుకు వచ్చేదాకా ఉండగలిగారు. ఓకానర్‌కు కావలసినది ఇంకొక్క పది నెలలు.

సముద్రతీరంలో

మార్చిలో, నాన్నగారు ఇండియా వెళ్ళే ముందు, ఆయనే అడిగి ఓకానర్ పేరున్న తీరానికి తీసుకువెళ్ళమన్నారు. మా ఇంటి నుంచి కారులో అరగంట. అక్కడ ఒడ్డు నుంచి కాస్త దూరంలో, నీళ్ళలోనే, గుర్రమూ దాని మీద మనిషీ ఉన్న కంచు విగ్రహం ఒకటి ఉంది. టోనీ జోన్స్ అనే శిల్పి చేసినది. 1999లో నిలబెట్టారు. అలలు పెద్దవైనప్పుడు గుర్రం సగం మునుగుతుంది, తగ్గినప్పుడు మళ్ళీ తేలుతుంది.

నాన్నగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నీళ్ళలోకి దిగి చాలాసేపు నిలబడ్డారు. ఒడ్డుకు వచ్చాక, నాకు నలభై ఏళ్ళు వచ్చినా ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, ఒక తూము మరమ్మతు పనిలో సిమెంటు బస్తాలు అమ్ముకున్నాడని ఎవరో ఆయన మీద ఆకాశరామన్న ఉత్తరం వ్రాశారట. విచారణ తేలేదాకా పదకొండు నెలలు సస్పెన్షను. ఆ పదకొండు నెలలూ ఊళ్ళో టీ కొట్టు ముందు నుంచి కాకుండా చేలగట్ల మీదుగా వెళ్ళి వచ్చేవారట. చివరకు లెక్కలన్నీ సరిపోయాయని కాగితం వచ్చింది. ఉత్తరం సంగతి ఊరంతా చెప్పుకుంది కానీ, ఆ కాగితం సంగతి ఎవరూ చెప్పుకోలేదు. ఆ రోజుల్లో ఒక రాత్రి లాకు గట్టు మీద చాలాసేపు నిలబడ్డాననీ, లాకు దగ్గర పనిచేసే లస్కరు వచ్చి, చలిలో ఏం చేస్తున్నారయ్యా, రండి టీ కాచాను అని పిలిస్తే వెనక్కు వచ్చాననీ చెప్పారు. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

నాన్నగారు ఇప్పుడు లేరు. ఈ వ్యాసం ఓకానర్ గురించే అయినా, దీనిని వ్రాయించింది ఆయనే అని పాఠకులకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

రెండేళ్ళకొకసారి ఇలా కలుసుకునే మన సభల వెనుక కూడా ఎందరో పనిచేస్తారు. హాలు మాట్లాడేవారు, విరాళాలు పోగుచేసేవారు, వంటల లెక్క చూసేవారు, రాత్రి పన్నెండుకు కుర్చీలు సర్దేవారు. వారి మీద మనం ఎంత తేలికగా ఒక మాట అనేస్తామో నాకు తెలుసు, నేనూ అన్నాను కాబట్టి. లెక్కలు అడగవలసిందే. ప్రజల డబ్బుకు జవాబు చెప్పని మనిషిని నేను సమర్థించను, ఓకానర్ కూడా సమర్థించరు. కానీ లెక్క అడగడం వేరు, లెక్క తేలకముందే మనిషిని దొంగ అనడం వేరు. లెక్క సరిపోయిందని తెలిసిన రోజున ఆ మాట కూడా నలుగురిలో చెప్పడం మన బాధ్యత. మనలో ఎవరైనా మాటల దెబ్బకు కుంగి ఒంటరిగా తిరుగుతున్నట్టు అనిపిస్తే, లాకు గట్టు మీది ఆ లస్కరు లాగా పిలిచి ఒక కప్పు టీ ఇవ్వడం, అవసరమైతే డాక్టరు దగ్గరకు తోడు వెళ్ళడం మనలో ఎవరైనా చేయగలిగిన పనే.

పెర్త్ చూడడానికి వచ్చే తెలుగువారు కింగ్స్ పార్కు, రాట్‌నెస్ట్ దీవి చూసి వెళ్ళిపోతూ ఉంటారు. ఈసారి వీలు చేసుకుని ముండారింగ్ కూడా వెళ్ళి రండి. ఆనకట్ట మీద నడిచి, కింద నుంచి తూర్పుకు సాగిపోయే గొట్టం పక్కన కాసేపు నిలబడండి. ఆ నీళ్ళు 1903 నుంచి ఇప్పటిదాకా కల్గూర్లీకి నడుస్తూనే ఉన్నాయి.

- హారిస్‌డేల్, పశ్చిమ ఆస్ట్రేలియా